ఎగువ మడుగు

ఆ ఉదయం దిగువ రేవులో షామేకు దొరికినవి మూడే నత్తలు. రెండు కందిగింజంతవి. మూడవది బొటనవేలి గోరంత ఉంది, ముసలిది. దాని పెంకు మెలికల్లో నల్లటి ఆకుమురుగు గట్టిపడి ఉంది. జల్లెడను నీటికి ఎత్తుగా పట్టుకొని అతను దానిని చాలాసేపు చూశాడు. కివుంబో ఊరి వాగులో అటువంటి మురుగు పేరుకొనే చోటు ఒక్కటే. అక్కడినుంచి ఈ రేవుకు నత్త తనంతట తాను నడిచి రాదు. మొన్న పడిన చిన్న జల్లు దానిని మోసుకొచ్చి ఉండాలి. ఆ జల్లు ఒకదానిని తెచ్చింది. పెద్దవాన ఎన్నింటిని తెస్తుందో ఊహించడానికి అతనికి ఎక్కువ సేపు పట్టలేదు.

ఇంటికి వచ్చి మూడింటినీ మూడు గాజు గిన్నెలలో వేశాడు. రెండు వేళ్ళ లోతున వడగట్టిన నీరు పోసి, అరుగు అంచున ఎండలో పెట్టాడు. భార్య తన చెల్లెలికి పురుడు పోయడానికి పొరుగూరు వెళ్ళి వారమైంది. ఇంట్లో ఉన్నది కూతురు జువేనా ఒక్కతే. పదిహేడేళ్ళ పిల్ల. వాకిట్లో చాప పరిచి ఆఖరి కోత లవంగాలు ఆరబోస్తోంది.

"మీ చుట్టాలొచ్చారా నాన్నా? కాఫీ పెట్టమంటావా వాళ్ళకి?" అంది తల ఎత్తకుండానే.

షామే నవ్వాడు కాని, నవ్వు ముఖం మీద నిలవలేదు. దండెం మీద కొత్త కంగా గుడ్డ వేలాడుతోంది. ఎర్రంచు మీద జీడిపిందెల బొమ్మలున్న జత అది, నాటు రోజున కట్టుకోవడానికి అత్త రయా తెచ్చి ఇచ్చింది. లోయలో తొలివాన నిండిన మర్నాడు ఆడవాళ్ళందరూ వరినారుతో దిగుతారు. ఆ ఏడు కొత్తగా నాటుకు వచ్చే పిల్ల అందరికన్నా ముందు నీళ్ళలో అడుగుపెట్టి తొలి పిడికెడు నాటాలి. ఈసారి ఆ పిల్ల జువేనా. పది రోజులుగా ఆమె మాట్లాడే ప్రతి మాటా తిరిగి తిరిగి ఆ పొద్దు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

పడమట సముద్రం మీద మబ్బు కదలకుండా నిలబడి ఉంది. మూడు రోజులుగా అక్కడే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి చిన్న నత్తల గిన్నెలు రెండూ తేటగానే ఉన్నాయి. మూడవ గిన్నెలో నీరు మసకబారినట్లు కనిపించింది. మురికి అయితే అడుగుకు దిగుతుంది, ఇది దిగలేదు. షామే భూతద్దం తీసి వంగి చూశాడు. కంటికి దుమ్ములా కనిపించినది అద్దం కింద వేరువేరు ప్రాణులుగా విడిపోయింది. ఒక్కొక్కటీ తల కిందుగా వేలాడి, చివర రెండుగా చీలిన తోకను కొడుతూ పైకి లేస్తోంది. అలసి, మళ్ళీ కిందికి జారుతోంది. మనిషి చర్మం తగిలేదాకా వాటికి వేరే పని లేదు. తగిలాక ఒక పాట పాడేంత సేపు చాలు, తోకను బయటే విడిచి లోపలికి వెళ్ళిపోతాయి.

వాటిని అతను ఈ ఊళ్ళో చివరిసారి చూసి నాలుగేళ్ళయింది.

షామే చిన్నతనంలో కివుంబోలో మగపిల్లల మూత్రం ఎర్రగా రావడాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. పాలపళ్ళు ఊడినట్లే అదీ ఒక వయసులో వచ్చేదనుకొనేవారు. ఇంకా రానివాణ్ణి తోటివాళ్ళు ఆడపిల్లవని ఏడిపించేవారు. దానికి కిచోచో అని పేరైతే ఉంది, భయమే లేదు. భయం తర్వాత ఎప్పుడో, నలభై, యాభై ఏళ్ళు దాటాక వచ్చేది. షామే తండ్రికి యాభై రెండవ ఏట వచ్చింది. పొత్తికడుపులో రాయిలాంటి గడ్డ పెరిగింది. ఆఖరి నాలుగు నెలలు ఆయన బొట్టు బొట్టుకూ గోడ పట్టుకొని అరిచేవాడు. ఆ అరుపులు వినలేక పొరుగువాళ్ళు కిటికీలు మూసుకొనేవారు. తండ్రిని పాతిపెట్టిన ఏడాదిలోనే షామే వాగుల్లో నత్తలను చంపే సర్కారు పనిలో చేరాడు. రబ్బరు బూట్లు, పొడుగు చేతి తొడుగులు, జల్లెడ, వీపు మీద మందుడబ్బా. ఊరు అతనికి నత్తల దొర అని పేరు పెట్టింది. అతను ఆ పేరుతో ఇరవై ఏళ్ళు గడిపాడు.

ఆ ఇరవై ఏళ్ళలో ఆఖరి అయిదు మాత్రం వేరు. ఊరి వాగును పద్నాలుగు రేవులుగా విడదీసి, ఒక్కొక్కదానికి అంకె వేసి, నత్త కనిపించిన చోటల్లా మందు కొట్టారు. బడిపిల్లల మూత్రం వడగట్టి చూశారు. ఏటా ఊరందరి చేతా మాత్రలు మింగించారు. మొదటి ఏడు బడిలో నూటికి ముప్ఫై మందిలో ఆ పురుగు గుడ్లు కనిపించాయి. తర్వాత తొమ్మిది, తర్వాత రెండు. ఆపైన రెండేళ్ళపాటు ఒక్కటీ లేదు. ఈ వానాకాలం గడిచి, ఇంకొక్కసారి ఒక్కటీ లేదని తేలితే, జబ్బున్న ఊళ్ళ జాబితాలోంచి కివుంబో పేరు తీసేస్తారు. షామేను వేరే ఊరికి పంపుతారు. కిందటి నెలలో బడి గోడ మీద సుద్దతో పెద్ద సున్నా గీసి ఆ సంగతి అందరికీ చెప్పినవాడు షామేనే.

పద్నాలుగు కాక పదిహేనవ చోటు ఒకటి ఉంది. ఊరికి పైన, మొగలిపొదల వెనక, వాగు పుట్టేచోట ఉన్న మడుగు. ఊరికి చదువు చెప్పిన మాలిమ్ బకారీ రోజూ అక్కడికి వెళ్తారు. ఆయనకు డెబ్భై ఆరేళ్ళు. మసీదులో అజాన్ ఇచ్చేదీ, పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, పెళ్ళిళ్ళకూ నాట్లకూ రోజు చెప్పేదీ ఆయనే. ఒంటికి వెళ్ళిన తర్వాత నీటితో శుభ్రం చేసుకోవడం ఊళ్ళో అందరికీ ఉన్న నియమమే. మాలిమ్ దానిని అందరికన్నా గట్టిగా పాటిస్తారు. ఒక్క చుక్క బట్ట మీద చిందినా ప్రార్థన చెల్లదు. కూజాలో నీళ్ళు ఆయనకు చాలవు, పారే నీరు కావాలి. తన మైల ఇంకొకరి కాలికి అంటకూడదు కనుక మనుషులు తిరగని చోటు కావాలి. అందుకే పొదల్లోంచి అంత దూరం, రోజుకు రెండుసార్లు.

నాలుగేళ్ళ కిందట ఆయన షామేను పిలిచి, ఆ మడుగులో మందు పోయవద్దన్నారు. మసీదు తొట్టికి నీళ్ళు అక్కడినుంచే ఇసుకలో వడగట్టుకొని వస్తాయి, ఆ వాసన భరించలేమన్నారు. అక్కడికి తాను తప్ప ఎవరూ వెళ్ళరు కదా అన్నారు. షామేకు ఆ మాట సబబుగానే తోచింది. మనిషి దిగని నీళ్ళలో నత్త ఉంటే ఎవరికి చేటు? లెక్కల పుస్తకంలో పదిహేనవ అంకె ఎదురుగా "ఎండిపోయింది" అని రాశాడు. ఆపై ప్రతి ఏడూ అదే రాశాడు. గుండ్రటి, పొందికైన అక్షరాలు. ఆ రాత నేర్పినది మాలిమే.

మాత్రల విషయమూ అంతే. వాటిని పంచేవాళ్ళు కివుంబోకు వచ్చేది ఎప్పుడూ గురువారమే. మాలిమ్ సోమవారం, గురువారం ఉపవాసం ఉంటారు. తిండి తిన్నాక, పంచినవాళ్ళ కళ్ళెదుటే మింగాలన్నది నియమం. పొద్దు గూకాక మింగుతానని ఆయన చేయి చాపితే, ఆ చేతిలో మాత్రలు పెట్టి "నా ఎదుట మింగారు" అని ఆ పుస్తకంలోనే రాయడం షామేకు తప్పనిపించలేదు. తన నాలుక మీద మొదటి అక్షరం పెట్టిన మనిషిని నోరు తెరిచి చూపించమని అడగడం ఎలా?

ఇప్పుడు గిన్నెలో ఆ తోకలు కొట్టుకుంటున్నాయి. నత్త ఆ జబ్బుతో పుట్టదు. మనిషి మూత్రంలోంచి వచ్చిన గుడ్డు నీళ్ళలో పగిలితేనే దానికి అంటుతుంది. అంటిన నెలా రెండు నెలలకు అది పిల్లపురుగులను తిరిగి మనుషుల మీదికి వదులుతుంది. ఎగువ మడుగుకు వెళ్ళే మనిషి ఒక్కరే.

సాయంత్రపు అసర్ నమాజు ముగిసి మగవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, షామే గిన్నె మీద రుమాలు కప్పుకొని మసీదు అరుగు దగ్గరికి వెళ్ళాడు. మాలిమ్ ఒంటరిగా కూర్చొని పిల్లల పలకలు తుడుస్తున్నారు. షామే వంగి, చిన్నవాళ్ళు పెద్దలకు చెప్పే "షికమూ" చెప్పాడు. ఆయన "మరహబా" అని అందుకొని, పక్కన చోటు చూపించారు.

"ఏంటది? మళ్ళీ నీ నత్తలేనా?"

"నత్తని తీసేశాను మాలిమ్. అది వదిలినవే ఉన్నాయి."

మాలిమ్ భూతద్దం అందుకున్నారు. ఖురాను చదివేటప్పుడు అక్షరాల మీద ఎంత నెమ్మదిగా కదుపుతారో అంత నెమ్మదిగా గిన్నె మీద కదిపారు.

"తోక చివర చీలింది," అన్నారు చివరికి. "ఎన్ని ఉంటాయి?"

"మూడు నాలుగు వందలు. ఒక్క నత్త, ఒక్క పూట."

"ఏ రేవుది?"

"దొరికింది దిగువ రేవులో. వచ్చింది ఎగువ మడుగులోంచి."

"ఎగువ మడుక్కి నేను తప్ప ఎవరూ..."

ఆయన ఆగిపోయారు. నాలుగేళ్ళ కిందట అదే అరుగు మీద, అదే గొంతుతో అన్న మాట అది. అప్పుడు అది మందు పోయకుండా ఆపడానికి పనికొచ్చింది. ఇప్పుడు ఆయన నోటినుంచే బయటికి వచ్చి, ఆయన ఎదుటే నిలబడింది. షామే తల దించుకొని రుమాలు అంచు మడతపెట్టాడు.

తర్వాత మాలిమ్ అడిగినవాటికి షామే ఉన్నదున్నట్లు చెప్పాడు. గుడ్డు సంగతి, నత్త సంగతి, వాన సంగతి. ఎర్రగా ఎప్పుడైనా కనిపించిందా అని ఎదురు అడగబోయి గిన్నెవైపు చూశాడు. మాలిమే ఆ ప్రశ్నను అందుకున్నారు. చివర్లో ఎప్పుడైనా ఒక చుక్క లేత గులాబీ రంగు కనిపించేదని, ముసలితనం అనుకున్నానని, తన తండ్రికీ అలాగే ఉండేదని చెప్పారు. మాత్రలు మింగలేదని ఒప్పుకున్నారు. ఏటా ఎవరో ఒక తల్లి వచ్చి తన బిడ్డకు అందలేదనేది, ఇచ్చేసేవారు. కిందటిసారివి మాత్రం పెట్టెలో అలాగే ఉన్నాయి.

"అరవై ఏళ్ళు షామే," అన్నారాయన. "మోకాళ్ళు అరిగిపోయినా అంత దూరం నడిచాను. నా మైల ఎవరికీ అంటకూడదనే కదా, అంత పైకి వెళ్ళింది."

"తెలుసు మాలిమ్."

"తెలిసే వచ్చావా ఈ గిన్నె పట్టుకుని? తెలియకుండా వచ్చి ఉంటే బాగుండేది."

షామే అడగవలసినవి రెండే. ఆయన మాత్రలు మింగాలి. చీకటి పడకముందే మడుగులో మందు పడాలి. మొదటిదానికి మాలిమ్ వెంటనే తల ఊపారు. రెండవదానికి ఊపలేదు. మందు పడితే నీళ్ళు పచ్చగా మారతాయి, మసీదు తొట్టిలోకీ ఆ రంగు వస్తుంది, రాత్రి ఇషా నమాజుకు వచ్చినవాళ్ళందరూ ఎందుకని అడుగుతారు.

"ఏమని చెప్తావు వాళ్ళకి? నేనేమని చెప్పను? ఈ ఒక్క రాత్రి నాకు వదిలెయ్యి. రేపు పొద్దున నమాజు కాగానే నేనే చెప్తాను. ఆ తర్వాత పోసుకో."

షామే పడమటికి చూశాడు. మూడు రోజులుగా కదలని మబ్బు కొబ్బరిచెట్ల దాకా వచ్చింది. దాని అంచు ఉతికి పిండని గుడ్డలా కిందికి వేలాడుతోంది. ఇది ఆగే పని కాదని, తన వీపు మీద డబ్బా ఈ క్షణాన ఉండాలని అతనికి తెలుసు. నాలుగేళ్ళ కిందట తెలియక ఒప్పుకున్నాడు. ఈసారి అన్నీ తెలిసే నోరు తెరిచాడు.

"అలాగే మాలిమ్," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు వాన మొదలై తెల్లవార్లూ కురిసింది.

చీకటి ఇంకా విడకముందే షామే డబ్బా తగిలించుకున్నాడు. జువేనా గది గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాడు. కొత్త కంగా మడిచి తలగడ పక్కనే పెట్టుకొని నిద్రపోతోంది. లేపి, ఇవాళ నాటుకు వెళ్ళవద్దని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఆ జవాబు మాలిమ్ ఇంటి గడప దాకా పోతుంది. ఆయన తానే చెబుతానన్నారు. అప్పటిదాకా ఆ గుట్టు తన దగ్గర దాచుకోమని ఇచ్చిన సొత్తు లాంటిది. పైగా నాటుకు పొద్దెక్కితే గాని బయలుదేరరు, ఈలోగా తాను కిందికి దిగివస్తాడు. ఇలా తనకు తాను చెప్పుకొని తలుపు దగ్గరగా వేశాడు.

పైన మడుగు లేదు. మొగలిపొదల మొదళ్ళ దాకా ఒకటే నీరు, అదంతా కదులుతోంది. ఒడ్డు అనుకున్న చోట బూటు జారింది. నల్లటి ఆకులు తెప్పల్లా వాలులోకి పోతున్నాయి. షామే ఒక ఆకును పట్టి తిప్పి చూశాడు. అడుగున నత్తలు అయిదు అంటుకొని ఉన్నాయి. ఇంకొక ఆకుకు మూడు. పారే నీళ్ళలో మందు నిలవదు. అయినా అతను పంపు కొట్టాడు. పచ్చటి చార ఒకటి అతని కాళ్ళ ముందే సాగి, తెగి, మాయమైంది. అప్పుడు డబ్బాను అక్కడే వదిలి, వాలు వెంట పరుగెత్తాడు.

లోయ నిండా నీళ్ళు వెండిపళ్ళెంలా పరుచుకొని ఉన్నాయి. గట్టు మీద నలభై మంది ఆడవాళ్ళు నారుకట్టలతో, కంగాలు మోకాళ్ళ పైకి ఎగదోపుకొని నిలబడి ఉన్నారు. ముందున్నది రయా. షామే తండ్రికి తోడబుట్టింది, నాటుకు పెద్ద. మేనల్లుడు రొప్పుతూ రావడం చూసి ఆమె నారుకట్ట చంకలోకి మార్చుకుంది.

"అదిగోనమ్మా, నత్తల దొర. నాట్లకి ఆడవాళ్ళు చాలలేదని వచ్చాడేమో, ఎవరైనా ఓ కంగా ఇవ్వండే."

అందరూ నవ్వారు.

"అత్తా, ఇవాళ దిగొద్దు. రెండు వారాలు ఆగండి. నీళ్ళు నిలిచాక మందు కొట్టి నేనే చెప్తాను."

"రెండు వారాలా? నారు నీ నెత్తిన నాటమంటావా? కిందటి నెల బడి గోడ మీద అంత సున్నా గీసింది ఎవడ్రా మరి?"

"ఆ సున్నా తప్పత్తా. ఎగువ మడుగు ఎండిపోయిందని నాలుగేళ్ళు అబద్ధం రాశాను. ఎండలేదు. నత్తలున్నాయి. నిన్న ఒకటి విషం వదిలింది. రాత్రి వానకి అన్నీ ఇందులోకే వచ్చాయి."

నవ్వులు సన్నగిల్లాయి. రయా కనుబొమలు ముడిపడ్డాయి. ఇన్నేళ్ళు షామే అబద్ధం ఆడగలడని ఆమెకు తట్టలేదు. కాని, అతను చెప్పినది ఆమెకు పొసగలేదు.

"నత్తకి ఊరికే రాదని నువ్వే చెప్తావుగా. మనిషి చెయ్యాలని. ఆ మడుక్కి మాలిమ్ తప్ప పురుగు కూడా వెళ్ళదు. ఎవరు చేసినట్టు?"

నలభై ముఖాలు అతనివైపు తిరిగాయి. జవాబు ఒక్క పేరు. దానిని పలికి ఉంటే ఆ క్షణంలో అందరూ గట్టు మీదే ఉండేవారు. షామే పెదవులు కదిలాయి. కాని, పలక మీద అక్షరం తప్పు రాసినప్పుడు పిడికిలి మీద మెల్లగా తట్టిన చేయి గుర్తుకొచ్చింది. నోరు మూతబడింది.

రయా పెదవి విరిచింది.

"చెప్పలేడు. ఎక్కడో భయపడ్డాడు పాపం. రోజు చెప్పింది మాలిమే, తొలివాన మర్నాడని. ఆయన మాట కాదని నీ మాట వింటామా? జువేనా, రా తల్లీ, బిస్మిల్లా అను."

"జువేనా, ఆగు," అన్నాడు షామే.

ఆమె తండ్రివైపు చూసి, ఇంతమందిలో అల్లరి పెట్టకు నాన్నా అన్నట్లు నవ్వింది. ఎర్రంచు కంగా ఒక చేత్తో పైకి పట్టుకొని నీళ్ళలోకి దిగింది. నీళ్ళు చీలమండలను, పిక్కలను దాటి మోకాలి చిప్ప కిందికి వచ్చి ఆగాయి. వంగి పిడికెడు నాటింది. గట్టు మీదివాళ్ళు గొంతు కలిపి కేక పెట్టారు. ఆమె వెనక పదిమంది దిగారు. పాట మొదలైంది. షామే బూట్లతో నీళ్ళలోకి దిగి కూతురి చేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. తొలి వరస మధ్యలో ఆపితే పంటకు కీడని, అది ఆమెకూ తెలుసునని అతనికి తెలుసు.

వరస ఇంకా సగానికి రాలేదు. పాట వెనకనుంచి తెగుతూ వచ్చింది. మసీదువైపు గట్టు మీద మాలిమ్ నడిచి వస్తున్నారు. తెల్లటి కంజూ అంగీ అంచు బురదలో ఈడ్చుకుపోతోంది. చుక్క చిందినా సహించని మనిషి దానిని ఎత్తి పట్టుకోలేదు. చేతిలో చిన్న కాగితం పొట్లం.

"రయా," అన్నారు. "వాళ్ళని బయటికి రమ్మను."

"మీరు చెప్పిన రోజే కదా మాలిమ్..."

"నేనే చెప్పాను. ఇప్పుడూ నేనే చెప్తున్నాను. మడుగులో ఎవరు చేశారో షామే మీకు చెప్పి ఉండడు. నేను. కిచోచో నాకుంది. ఎన్నేళ్ళనుంచో నాకే తెలీదు. మీరు దిగిన నీళ్ళలో ఉన్నది నా జబ్బు."

పదకొండు మంది నీళ్ళలో వంగినవాళ్ళు వంగినట్లే ఉన్నారు. రయా గట్టు వెంట ఆయన దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకు వినపడకూడదన్నట్లు గొంతు తగ్గించింది.

"మాలిమ్, ఇది ఆడవాళ్ళ ముందు అనే మాట కాదు. మీకిది తగదు."

"మరి ఎక్కడ అనాలమ్మా? పొద్దున మసీదులో అందామని నిలబడ్డాను. ఎదురుగా అంతా మగవాళ్ళు. నీళ్ళలో ఉన్నది మీరు."

అప్పుడు బయటికి వచ్చారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. షామే ఒక్కొక్కరి చేతా పొడి కంగాతో కాళ్ళు రాపాడించాడు. చర్మం ఎర్రబడేదాకా, ఇంకా, ఇంకా అన్నాడు. నీళ్ళలో ఉన్నది పది నిమిషాలకు తక్కువ. ఆ పది నిమిషాలలో సగం చాలునని అతను వాళ్ళకు చెప్పలేదు. మాత్రలు ఇప్పుడే ఇచ్చేయవచ్చు కదా అని ఒకామె అడిగింది. ఇప్పుడు ఇస్తే పనిచేయవని, ఒంట్లో దూరినవి పెరిగి పెద్దయ్యేదాకా ఆ మందు వాటిని ఏమీ చేయలేదని, రెండు మూడు నెలలు గడిచేదాకా ఏ పరీక్షకూ అంతుపట్టవని చెప్పాడు. అప్పటిదాకా ఏం చెయ్యాలని ఆమె మళ్ళీ అడిగింది. అతను ఇంకొక పొడి కంగా తీసి ఆమెకు అందించాడు.

మాలిమ్ గట్టు మీద కూర్చున్నారు. పొట్లం విప్పితే మాత్రలు నాలుగు. తినకుండా మింగకూడదని షామే గుర్తు చేయబోయి, అది గురువారమని తనకే గుర్తొచ్చి ఆగాడు. రయా తన మధ్యాహ్నపు మూట విప్పింది. అరిటాకులో ఉడికిన కర్రపెండలం ముక్కలున్నాయి. ఏమీ అనకుండా ఆయన ముందు పెట్టింది. నలభై మంది చూస్తుండగా మాలిమ్ ఒక ముక్క విరిచి నమిలారు. తర్వాత మాత్రలు ఒక్కొక్కటీ మింగారు. చేదుకు ముఖం ముడుచుకుంది. చివర నోరు తెరిచి షామేకు చూపించారు. షామే అడగలేదు.

అతను జేబులోంచి పుస్తకం తీశాడు. మాలిమ్ పేరు ఎదురుగా "నా ఎదుట మింగారు" అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా రాలేదు. పదిహేనవ అంకె దగ్గర "ఎండిపోయింది" కొట్టేసి "పొంగింది" అని రాశాడు. దాని కింద, నీళ్ళలో దిగినవాళ్ళ పేర్లు, దిగిన వరసలోనే. మొదటి పేరు రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

రాసి తలెత్తేసరికి జువేనా కాస్త దూరంలో కూర్చొని ఉంది. కొత్త కంగా బురదయిపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ళవైపు చూస్తూ, కుడిచేతి బొటనవేలితో ఎడమ మడమ గోక్కుంటోంది.

"ఏమైంది?" అన్నాడు.

"దోమ కుట్టింది నాన్నా."

షామే ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చొని పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. దోమ కుట్టిన చోట ఒక్క దద్దురు లేస్తుంది. ఇక్కడ ఆవగింజలంత ఎర్రటి చుక్కలు, మడమ చుట్టూ, పిక్క మీదికి. అతను లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. పదమూడు దగ్గర ఆపేశాడు.

"గోకకు," అన్నాడు.

ఆమె చేయి తీసేసింది. కాసేపటికి, తనకు తెలియకుండానే, మళ్ళీ గోకడం మొదలుపెట్టింది.